జెలీరా పేరుకు అర్థం

'ఆ రోజుల్లో' అని మొదలుపెట్టాలంటే మనిషికి కనీసం నాలుగు వెంట్రుకలైనా నెరిసి ఉండాలంటారు. నాకింకా ఒక్కటీ నెరవలేదు. అయినా ఆ రోజుల్లో అనే అంటాను. డిగ్రీ అయిపోయి, ఉద్యోగం దొరక్క, దొరికింది ఉద్యోగంలా అనిపించక, బస్సులో సీటు దొరికితే కూర్చోలేక, నిలబడితే కాళ్ళు ఊరుకోక తిరిగిన ఆ కాలం ఇప్పుడు తలుచుకుంటే ఎవరో ఎరిగున్న కుర్రాడికి జరిగినట్టుంటుంది. ఇల్లు జగ్గయ్యపేటలో, పని నందిగామలో. పొద్దున్నే షేర్ ఆటోలో చిల్లకల్లు దాకా, అక్కణ్ణించి హైవే మీద ఏ బస్సు ఆగితే ఆ బస్సు. పని పురుగుమందుల షాపులో. రైతులు తెగులు పట్టిన ఆకు పట్టుకొచ్చి చూపిస్తే ఓనరు గారు మందు పేరు చెబుతారు, నేను నిచ్చెన ఎక్కి డబ్బా దించుతాను. (బీకాం చదివి అంత పైకి వెళ్ళినవాడు మా వంశంలో లేడని నాన్నగారితో అన్నాను. ఆయన నవ్వలేదు.)

ఇంట్లో నా పేరు పంచరు. ఎవరైనా ఊపిరి బిగబట్టి ఏదన్నా గొప్ప సంగతి చెబుతుంటే, సరిగ్గా మంచి చోట ఒక మాట వేసి గాలి తీసేస్తానని అక్క పెట్టిన పేరు. మా పెద్దమ్మ కొడుకు ప్రేమ చెడి గడ్డం పెంచుకుని మూలన కూర్చుంటే, "బ్లేడు కంపెనీవాళ్ళు కూడా ఏడుస్తున్నారంటరా" అన్నాను. నాన్నగారి రిటైర్మెంటు సభలో హెడ్మాస్టరు గారు "ఈ కుర్చీ ఇక ఖాళీగానే ఉంటుంది" అని గొంతు జీరబోతుండగా, "ఆయనున్నప్పుడూ ఖాళీగానే ఉండేది, నిలబడే చెప్పేవారు" అన్నాను. మెల్లగానే అన్నాను. హాలు చిన్నది.

అలాంటి ఇంటికి అక్క మంచం పట్టి వచ్చింది. బావది వీరులపాడు దగ్గర పల్లె, మిర్చి వేస్తాడు. అక్క అక్కడే ప్రైవేటు స్కూల్లో టీచరు. అక్క నడిస్తే వెనక పిల్లలు పరిగెత్తాలి. కూర్చుని ఆమె చేసిన పని జీవితంలో తినడం ఒక్కటే, అదీ సగం సార్లు నిలబడే. అంతకుముందు ఏడాది ఒక బిడ్డ కడుపులో నిలవలేదు. ఆ మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. నేనూ ఎత్తను. ఈసారి డాక్టరమ్మ ముందే గట్టిగా చెప్పేసింది: బాత్రూముకి తప్ప మంచం దిగడానికి వీల్లేదు, కాన్పు అయ్యేదాకా. అమ్మ వెళ్ళి తెచ్చుకుంది. ముందు గదిలో కిటికీ పక్కన మంచం వేసి, అక్కను దాని మీద పరిచాం. నీళ్ళలోంచి తీసిన చేపను తువ్వాలు మీద పడుకోబెట్టినట్టుంది.

"రేయ్, ఆ ఫ్యాను రెక్క మీద దుమ్ము చూడరా. తుడవరా ఎవరన్నా."

"ఫ్యాను వేస్తే కనబడదుగా."

"వేసినా కనబడుతోందిరా నాకు!"

వారం వారం మా చర్చి పాస్టరు అయ్యగారు వచ్చి మంచం పక్కన కుర్చీలో కూర్చుని ప్రార్థన చేసి వెళ్ళేవారు. వెళ్ళే ముందు ప్రతిసారీ ఒకే మాట: "నిరీక్షణ కలిగి ఉండమ్మా." (బైబిలు తెలుగులో నిరీక్షణంటే ఆశ.) అక్క తల ఊపి, ఆయన గుమ్మం దాటగానే, "నిరీక్షణంటే వెయిటింగేగా. పొద్దున లేచిన కాడ్నించీ అదేగా చేసేది. లేచిందెక్కడ అసలు!" అనేది. అని గోడవైపు తిరిగేది. అటు తిరిగినప్పుడు మాత్రం నాకు జోకు తట్టేది కాదు.

కథ మొదలైంది ఒక సాయంత్రం. నేను షాపు నుంచి వచ్చేసరికి అక్క కాళ్ళు కిందికి వేసి కూర్చుని ఉంది. తీగ మీద బట్టలు మడతపెడుతుందట. అమ్మ గుమ్మంలో నిలబడి, "నీకు దణ్ణం పెడతానే, పడుకోవే" అని ఏడుస్తోంది. అక్క మొహం చూస్తే తీగా బట్టలూ వంకేనని, లేచి పరిగెత్తాలని ఉందని తెలుస్తూనే ఉంది. ఏం చెయ్యాలో తోచక, "అక్కా, పడుకో, కథ చెప్తా" అన్నాను. అలాంటి మాట నా నోట్లోంచి వచ్చేసరికి ఆశ్చర్యంతోనే పడుకున్నట్టుంది. ఏం కథ? ఆ రోజు షాపులో పై అరలన్నీ దుమ్ము దులిపాను. కళ్ళు మూసుకుంటే డబ్బాలే. "అనగనగా కార్ఫామెట్ అని ఒక రాజు" అన్నాను. అది వేరుకుళ్ళు మందు. "ఆయనకి బెంథాడన్ అని ఒక మాంత్రికుడు." ఆకుమచ్చ మందు. "డైఫోరాక్ అనే రాక్షసుడు తెల్లరెక్కల సైన్యంతో రాజ్యం మీదికొచ్చాడు. దాన్ని ఆపగలిగింది ఒకే ఒక్క మనిషి, జెలీరా." జెలీరా తెల్లదోమ మందు. మిర్చి రైతులు దాన్ని పేరు పెట్టి అడుగుతారు. (ఈ కంపెనీలవాళ్ళు డబ్బాలకు పేర్లు పెట్టేటప్పుడు పురుగును భయపెట్టాలనుకుంటారో రైతును భయపెట్టాలనుకుంటారో గానీ, రాజులకీ రాక్షసులకీ వేరే పేర్లు వెతుక్కోవాల్సిన అవసరం నాకు ఒక్కసారి కూడా రాలేదు.)

"తర్వాత?" అంది అక్క.

"తర్వాత రేపు."

"చంపుతా."

"లేచి రావాలిగా చంపాలంటే. లేవకూడదు నువ్వు."

ఆ మర్నాటి నుంచి పొద్దున బస్సులో ఒక చేత్తో రాడ్డు పట్టుకుని, ఇంకో చేతి బొటనవేలితో ఫోన్లో కొట్టేవాణ్ణి. నందిగామ వచ్చేసరికి ఒక భాగం. అక్కకు పంపేవాణ్ణి. జెలీరా లోయ అంచున వేలాడుతుండగా ఆపేవాణ్ణి, అది సాయంత్రం దాకా ఆమెను మంచం మీద ఉంచుతుందని. కథ ఎలా నడపాలో తోచనప్పుడు డబ్బా వెనక్కి తిప్పి చదివేవాణ్ణి. 'గాలికి ఎదురుగా పిచికారీ చేయరాదు' అని ఉంటే, జెలీరా గాలికి ఎదురు నిలబడనని గురువుకు మాట ఇచ్చింది. 'ఎండ ఎక్కువగా ఉన్నప్పుడు వాడరాదు' అని ఉంటే, ఆమె శక్తి సంధ్యవేళల్లోనే పనిచేసింది. 'వాడే ముందు బాగా కుదపవలెను' అన్నది ఎక్కడ పెట్టాలో తెలియక వదిలేశాను.

అక్కే ఒకరోజు, "దీన్ని ఆ కథల యాప్‌లో పెట్టరా, నేనొక్కదాన్నే ఎందుకు తలబాదుకోవాలి" అంది. పెట్టాను. 'శ్వేతపక్ష యుద్ధం' అని పేరు కూడా పెట్టాను. (అంటే తెల్లదోమతో యుద్ధమే. నిజాయితీగానే పెట్టాను, ఎవరూ నమ్మలేదు.) నెల తిరిగేసరికి జనం చదవడం మొదలుపెట్టారు. వాళ్ళలో ఒకాయనకు అక్కా నేనూ కలిసి అర్థాల రావు అని పేరు పెట్టుకున్నాం. ఆయన ప్రతి భాగం కిందా భాగమంత వ్యాఖ్య రాసేవాడు. జెలీరా పేరులో జలమూ లీలా రాత్రీ మూడూ దాగున్నాయన్నాడు. కార్ఫామెట్ అంటే ఒక ప్రాచీన భాషలో నల్లని కిరీటమన్నాడు. ఏ భాషో చెప్పలేదు. ఆ భాషవాళ్ళెవరూ మిగల్లేదు కాబట్టి కాదనేవాళ్ళూ లేరు. గాలికి ఎదురు నిలవకపోవడమంటే కాలానికి తలవంచడమట, సంధ్యవేళంటే జననమరణాల గుమ్మమట. ఊరందరి గాలీ తీసేవాణ్ణి కదా, ఆ మనిషి నా డబ్బాలోకి గాలి కొడుతుంటే ఏం చెయ్యాలో నాకు తెలియలేదు. "మీ పరిశీలన అమోఘం" అని జవాబిచ్చాను. ఓనరు గారు కౌంటరు దగ్గర్నుంచి, "ఏం రచయితా, రెండు జెలీరా దించు, అరలీటర్వి" అన్నారు. నిచ్చెన ఎక్కాను.

పొరపాటు ఒకటి జరిగింది. ఒకరోజు ఏం తోచక డబ్బా మీద మొదటి వాక్యమే తీసుకున్నాను: 'పిల్లలకు అందకుండా ఉంచవలెను.' బాగుందనిపించింది. డైఫోరాక్ జెలీరాను శపించాడు: ఏ బిడ్డా నిన్ను తాకదు, ఏ బిడ్డా నీ చేతికి అందదు. చిల్లకల్లు దాటకముందే పంపేశాను. ఆ రోజంతా అక్క నుంచి మెసేజ్ లేదు. మామూలుగా అయితే తిట్లు వచ్చేవి. సాయంత్రం ఇంటికొస్తే ముందు గదిలో లైటు వెయ్యలేదు. అక్క గోడవైపు తిరిగి ఉంది.

"ఆ శాపం తీసెయ్యరా," అంది, అటే తిరిగి.

"కథేగా అక్కా."

"తెలుసు కథేనని. తీసెయ్యి."

వెక్కిళ్ళేమీ లేవు. మామూలు గొంతే. అందుకే ఇంకా కష్టంగా ఉంది. గుమ్మం మెట్టు మీద కూర్చుని, భోజనానికి కూడా లేవకుండా అప్పటికప్పుడు కొత్త భాగం రాశాను. జెలీరా దారిలో ఒక పసిపాపను ఎత్తుకుంది, శాపం పెంకులా రాలిపోయింది, అంతే. తర్కం లేదు, మాంత్రికుడు లేడు, ఆరు వాక్యాలో ఎనిమిదో. అక్క చదివి ఫోను బోర్లా పెట్టి, "అన్నం తిన్నావా?" అంది. ఇంత గొప్ప శాపాన్ని ఇంత తేలిగ్గా తీసేయడంలో ఏదో మహా రహస్యం ఉందని అర్థాల రావు మూడు పేరాలు రాశాడు. ఉంది. కిటికీ పక్కన మంచం మీద ఉంది.

పిల్ల పుట్టింది. విజయవాడ ఆస్పత్రిలో, అనుకున్నదానికి కొంచెం ముందే, చిన్నగా, గట్టి గొంతుతో. నేను కారిడార్లో ఈ చివరి నుంచి ఆ చివరికి తిరుగుతుంటే నర్సమ్మ, "బాబూ, నీకు నొప్పులా?" అంది. అంత మంచి మాట నాకంటే ముందు ఇంకొకళ్ళు అనడం అదే మొదలు. ఇంటికొచ్చి అంతా కుదుటపడ్డాక, చర్చిలో పిల్లను ప్రతిష్ఠించే ఆదివారం ఖాయం చేశారు. ఆ వారంలోనే అక్క నా నెత్తిన బాంబు వేసింది.

"పిల్లకి జెలీరా అని పెడుతున్నాం."

అది విన్నప్పుడు నా కళ్ళ ముందు కనబడింది మా చర్చి వెనక వరసలు. మా సంఘంలో సగం మంది మిర్చి చేలల్లో పనిచేసేవాళ్ళు, కౌలుకు వేసేవాళ్ళు, వీపున పంపు కట్టుకుని మందు కొట్టేవాళ్ళు. వాళ్ళకు యాప్ తెలియదు, కథ తెలియదు. డబ్బా తెలుసు. దానికి తోడు మా అయ్యగారికి ఒక పద్ధతి ఉంది. పిల్లను చేతుల్లోకి తీసుకుని పేరు చెప్పి, ఆ పేరుకు అర్థం సంఘానికి వినిపించి, దాని మీదే ప్రసంగం చేస్తారు. అర్థం లేని పేరు ఆయన ఒప్పుకోరు. ఒకసారి ఎవరో సినిమా ఫక్కీలో నోరు తిరగని పేరేదో తెస్తే, "అర్థం తెచ్చుకుని వచ్చే వారం రండి" అని పిల్లాడితో సహా వెనక్కి పంపేశారు. ఇప్పుడు మైకులో జెలీరా అంటారు. వెనక వరసలో ఎవరో కిసుక్కుమంటారు. ఆ క్షణం నుంచి నా మేనకోడలు పెళ్ళయ్యేదాకా, పెళ్ళయ్యాక కూడా, తెల్లదోమే. పేర్లు పెట్టే ఊరు ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. నేను పంచరుని.

బావ ఆ పేరు విని ఏమీ అనలేదు. బావ మామూలుగానే ఏమీ అనడు. పెళ్ళిలో ప్రమాణానికి కూడా ముందు తలే ఊపాడు, అయ్యగారు రెండోసారి అడగాల్సొచ్చింది. వేరే కంపెనీ మందు వాడతాడేమోలే అని సరిపెట్టుకున్నాను. నిజం చెప్పేద్దామంటే, అక్క అన్ని నెలలు పట్టుకుని వేలాడింది ఒక డబ్బాని అని ఏ నోటితో చెప్పను? అందుకని తెలివిగా కథలో చెడగొడదామనుకున్నాను. మరుసటి భాగంలో జెలీరా రాజుకు ద్రోహం చేసింది. కోట తలుపులు తీసి తెల్లరెక్కల సైన్యాన్ని లోపలికి రానిచ్చింది. ఇంత చెడ్డదాని పేరు ఎవరు పెడతారు? సాయంత్రం ఇంటికి వస్తే అక్క ఒళ్ళో పిల్లతో వెలిగిపోతోంది.

"ఇప్పుడు నచ్చిందిరా ఇంకా! ఎన్నాళ్ళు పడుంటుంది మంచిదానిలా? చూశావా, తలుపులు బార్లా తీసిపారేసింది!"

మర్నాడు జెలీరాను ఏకంగా రాయిని చేసేశాను. అర్థాల రావు, రాయి అంటే సహనమనీ, రచయిత మొదటి భాగం నుంచే ఇక్కడికి దారి వేస్తూ వచ్చాడనీ, తనకు కన్నీళ్ళు ఆగలేదనీ రాశాడు. నాకూ ఆగేలా లేవు. షాపులో ఒకాయన మల్లెకు మందు అడిగితే మినుముకు ఇచ్చాను. ఓనరు గారు, "ఇంటికి పో రచయితా, నువ్వూ నీ మొహమూ" అన్నారు.

చివరికి శనివారం సాయంత్రం, ఇక ఆగలేక, షాపులోంచి జెలీరా ఖాళీ అట్టపెట్టె ఒకటి సంచిలో పెట్టుకుని వచ్చాను. దారి పొడవునా సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూనే ఉన్నాను. ముందు గదిలో అక్క పిల్లకు పాలు పట్టి భుజాన వేసుకుంది. బావ రేపటి కోసం కొత్త చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. ఏ ముందుమాటా లేకుండా పెట్టె తీసి మంచం చివర పెట్టాను. జెలీరా అని ఎర్రటి అక్షరాలు, కింద మిరపకాయ బొమ్మ, దాని మీద చచ్చి వెల్లకిలా పడిన దోమ.

అక్క చూసింది. "పిల్లలకు అందకుండా ఉంచవలెనని దాని మీదే ఉందిగా. అవతల పెట్టు ముందు."

"అక్కా, ఇది..."

"తెలుసురా."

"ఏం తెలుసు?"

బావ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి నవ్వడం మొదలుపెట్టాడు. బావ నవ్వగా నేను చూడలేదు అంతవరకు. "ఏం బామ్మర్దీ, మిర్చి రైతుకి జెలీరా తెలీదా? మొదటిసారి మీ అక్క చదివి వినిపించిన రోజే పొలమారి చచ్చాను నేను. కార్ఫామెట్ మా షెడ్లో ఇంకా రెండు డబ్బాలుంది, రాజుగారు!"

"మరి చెప్పలేదే?"

"మీ అక్కే నా నోరు కుట్టేసింది."

అక్క పిల్ల వీపు తడుతూనే ఉంది. "నీకు చెబితే నువ్వేం చేస్తావు? ఒక జోకేసి ఆపేస్తావు. నీ సంగతి తెలీదా నాకు? ఏదన్నా నువ్వు నవ్వకుండా చేశావంటే అదొక్కటేరా. అది ఆగిపోతే నేను లేచిపోయేదాన్ని. లేస్తే ఏమయ్యేదో..." అని పిల్ల తల వైపు చూసి, ఆ మాట అక్కడే వదిలేసింది. "డబ్బా పేరైతే ఏంటంట? ఆ పేరు కోసమే కదా సాయంత్రం దాకా పడుకున్నా. అర్థం అయ్యగారికి నువ్వే చెప్పాలి రేపు. రాసినోడివి నువ్వేగా."

మర్నాడు చర్చిలో నేను కూర్చోలేదు. స్థలం ఉంది. కాళ్ళే ఒప్పుకోలేదు. అయ్యగారు పిల్లను చేతుల్లోకి తీసుకుని, "ఈ బిడ్డ పేరు జెలీరా" అన్నారు. మగవాళ్ళ వైపు వెనక వరసలో తలలు ఒకదాని వైపు ఒకటి తిరిగాయి. "క్రొత్త పేరు. దీని అర్థం బిడ్డ మేనమామ చెబుతాడు" అని మైకు నావైపు చాపారు. నా దగ్గర రెండు జవాబులున్నాయి. ఒకటి జోకు. మంచి జోకు, ఇప్పటికీ మంచిదే. రెండోది అర్థాల రావుది: జలం, లీల, రాత్రి. మైకు పట్టుకుని ఆడవాళ్ళ వైపు చూశాను. అక్క చాప మీద కూర్చుని ఉంది. కదలకుండా. ఎవరూ కూర్చోమని చెప్పకుండా.

"నిరీక్షణండి," అన్నాను.

అయ్యగారు ఒక్క క్షణం నన్ను చూసి, అక్కను చూసి, "అవును" అన్నారు. అవును అనడానికి ఆయనకేం తెలుసో నాకు తెలియదు. జీవితంలో మొదటిసారి నేను గాలి నింపి పట్టుకుని నిలబడ్డాను. అప్పుడు వెనక వరసలోంచి, మాకు వరసకు తాతయ్య అయ్యే పెద్దాయన, మిర్చి కౌలుకు చేసేవాడు, అందరికీ వినబడేలా అన్నాడు:

"నిజమేనయ్యా. అది కొట్టినాక దోమ ఎప్పుడు పోద్దా అని మేమూ నిరీక్షణతోనే ఉంటాం."

చర్చి చర్చంతా నవ్వింది. అయ్యగారు పిల్లను ఎత్తుకునే నవ్వారు. బావ సంగతి చెప్పక్కర్లేదు. అక్క మొహం చేతుల్లో దాచుకుని భుజాలు ఊగేలా నవ్వింది, ఆ తర్వాత ఆ ఊగడం నవ్వు కాదని తెలిసి పక్కనున్న అమ్మ కొంగు ఇచ్చింది. నన్ను పంచరు చేసినవాడు ఈ భూమ్మీద ఆ పెద్దాయన ఒక్కడే. ప్రార్థన అయ్యాక భోజనాల్లో, బిరియాని దగ్గర ఆయనకు నా చేత్తో ఇంకో ముక్క వేశాను.

పిల్లకిప్పుడు స్కూలు వయసొచ్చింది. తెల్లదోమ అని ఎవరూ పిలవడం లేదు. పిలిచేంతసేపు అది ఒకచోట ఉంటే కదా. వీరులపాడు నుంచి వచ్చిన పూట మా ఇంట్లో కుర్చీలన్నీ వాటి చోట్లు మారిపోతాయి. మొన్న కిటికీ మంచం మీద ఎగురుతూనే, "మావయ్యా, నా పేరుకి అర్థం నిరీక్షణంట. అంటే ఏంటి?" అంది.

"ఆగడమే."

"ఎందుకాగాలి?" అంది, జవాబు కోసం ఆగకుండా వీధిలోకి పరిగెత్తింది. వెనకే అక్క, "ఒసేయ్, చెప్పులేసుకోవే!" అంటూ అదే వేగంతో పరిగెత్తింది.

కథ మాత్రం అక్కడే ఆగిపోయింది, జెలీరా రాయిగానే ఉండిపోయింది. మంచం ఖాళీ అయ్యాక బస్సులో నా బొటనవేలికి పని తోచలేదు. ఈ మౌనంలో కూడా గూఢార్థం ఉందని అర్థాల రావు అప్పుడప్పుడూ రాస్తూనే ఉంటాడు, పాపం, ఆయనే అసలైన నిరీక్షణ. ఎప్పుడన్నా నందిగామ బస్సులో ఒక చేత్తో రాడ్డు, ఒక చేత్తో ఫోను పట్టుకుని, నిలకడ లేక కాలు మార్చి కాలు మారుస్తూ నిలబడ్డ కుర్రాడు కనబడితే ఆ పాత నేనే అనిపించి నవ్వొస్తుంది. భుజం తట్టి చెప్పాలనుంటుంది: ఒరే, అన్ని వాక్యాలూ వాడుకుని, 'వాడే ముందు బాగా కుదపవలెను' అన్నదొక్కటీ ఎక్కడ పెట్టాలో తెలియక వదిలేశావు చూడు, ఆ ఒక్కటీ పిల్ల తీసుకుందిరా అని.